డోరన్స్ లాంటి కోచ్ దగ్గరికి మీ అమ్మాయిని పంపుతారా?

కేరీ_నాన్న:
మా అమ్మాయికి పదహారేళ్లు. నార్త్ కరోలినాలో, కేరీలో క్లబ్ టీమ్‌కి ఆడుతోంది, కాలేజీలోనూ సాకర్ ఆడాలని పట్టుదలగా ఉంది. 2024 డిసెంబర్‌లో కాలేజీ అమ్మాయిల ఫైనల్ మా ఊళ్లోనే, వేక్‌మెడ్ సాకర్ పార్క్‌లో జరిగితే ఇద్దరం వెళ్లాం. యూఎన్‌సీ (యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరోలినా) 1-0తో వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీని ఓడించింది. ఇంటికొస్తూ కార్లో మొదలైన వాదన మా ఇంట్లో ఇంకా తెగలేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

తెలియనివాళ్ల కోసం: యూఎన్‌సీ అమ్మాయిల టీమ్‌ని 1979లో మొదలైనప్పటి నుంచి 2024 ఆగస్టు దాకా నడిపింది ఒక్కరే, యాన్సన్ డోరన్స్. 1951లో బొంబాయిలో పుట్టారు, తండ్రి చమురు వ్యాపారంలో ఉండటంతో చిన్నతనమంతా దేశాలు తిరిగారు. 21 ఎన్‌సీఏఏ కప్పులు, అంటే అమెరికా కాలేజీ క్రీడల సంఘం జాతీయ టోర్నీవి. ఆయన పద్ధతి పేరు కాంపిటిటివ్ కాల్డ్రన్, మరిగే కాగు అన్నమాట. ప్రాక్టీసులో పరుగు, హెడింగ్ (తలతో బంతి కొట్టడం), షూటింగ్, ఒకరితో ఒకరు తలపడటం, అన్నీ లెక్క రాస్తారు. ఎవరు ఎన్నో స్థానమో బోర్డు మీద అందరికీ కనిపించేలా పెడతారు. ఇది అదే యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ కోచ్ డీన్ స్మిత్ ప్రాక్టీసులు చూసి తెచ్చుకున్నది.

మా ఆవిడ ససేమిరా వద్దంటుంది. నేను మాత్రం ఎటూ తేల్చుకోలేకపోతున్నా. మీరైతే పంపుతారా?

శ్రీవల్లి_ఎం:
పంపను. ఇంటర్ రెండేళ్లు హాస్టల్లో చదివాను, ఎక్కడో చెప్పను. ఆదివారం పరీక్ష రాస్తే మంగళవారానికి మెస్ పక్కన గోడ మీద ర్యాంకుల షీటు అంటించేవాళ్లు. నా పేరు కింద నుంచి పైకి వెతుక్కోవడం అలవాటైపోయింది, ఎందుకంటే తొందరగా దొరికేది అక్కడే కదా. ఇప్పుడు నాకు నలభై ఒకటి, ఇద్దరు పిల్లలు, మంచి ఉద్యోగం, అయినా ఆఫీసులో ఏ లిస్టు వచ్చినా కళ్లు ముందు కిందకే పోతాయి. కప్పులు ఆయనకొచ్చాయి సరే, చిట్టచివర ఉన్న అమ్మాయి ఇంటికి ఏం పట్టుకెళ్లిందో ఎవరైనా చెప్పండి.

లెఫ్ట్‌బ్యాక్_రాజు:
శ్రీవల్లి గారూ, మీరు పడింది చిన్న బాధ కాదు, కానీ ఆ రెండూ ఒకటి కావండి. మన దగ్గర కొలత ఒక్కటే, మార్కులు. ఇక్కడ బోలెడు కొలతలున్నాయి, హెడింగ్‌లో ఇరవయ్యో స్థానంలో ఉన్న పిల్ల పరుగులో మూడో స్థానంలో ఉండొచ్చు, తన బలం ఎక్కడుందో లోటు ఎక్కడుందో తనకే కనిపిస్తుంది.

ఇంకో సంగతి, ఆ రోజులు గుర్తుంచుకోవాలి. ఆడపిల్లలకు చదువులోనూ ఆటలోనూ సమాన అవకాశం ఇవ్వాలన్న టైటిల్ నైన్ చట్టం 1972లో వచ్చింది, అప్పటికి అమ్మాయిలకు కాలేజీ సాకర్ అన్నదే దాదాపు లేదు. 1982లో మొదటి ఎన్‌సీఏఏ టోర్నీకి వచ్చినవి 12 టీములే, ఇప్పుడు 64. అమ్మాయిలు స్నేహితురాలిని నొప్పించకూడదని బంతి దగ్గర వెనక్కి తగ్గుతుంటే, మైదానంలో ఆమెను ఓడించు, బయటికొచ్చాక స్నేహితురాలిగానే ఉండు, ఇందులో తప్పు లేదు అని నేర్పించిన మనిషి ఆయన. 1982 నుంచి 2000 వరకు 19 ఏళ్లలో 16 కప్పులు, అందులో 1986 నుంచి 1994 దాకా వరసగా తొమ్మిది. అప్పుడే అమెరికా మహిళల జట్టుకీ కోచ్, 1991లో చైనాలో జరిగిన మొదటి మహిళల ప్రపంచ కప్ ఫైనల్లో నార్వేని 2-1తో ఓడించి గెలిచారు. తర్వాత పెద్ద స్టార్ అయిన మియా హామ్‌ని 15 ఏళ్లకే దేశం తరఫున ఆడించింది ఆయనే. కొన్నిచోట్ల 22 కప్పులని రాస్తారు, 1981లో గెలిచింది ఎన్‌సీఏఏ కాదు, అంతకుముందున్న మహిళా క్రీడల సంఘానిది, తేడా అదే.

సుధ_రాలీ:
రాజు గారూ, అంత రాసి 1998 కేసు గురించి ఒక్క ముక్క రాయలేదు. అక్కడే నాకు కోపం వస్తోంది.

ఇద్దరు మాజీ ఆటగాళ్లు ఆయన మీద, యూనివర్సిటీ మీద లైంగిక వేధింపుల కేసు వేశారు. టీమ్ అమ్మాయిల సొంత జీవితాల గురించి, వాళ్ల శృంగార విషయాల గురించి కోచే అడిగేవాడని, ఆ కబుర్లలో కలిసేవాడని వాళ్ల ఫిర్యాదు. సరదాగా ఏడిపించే మాటల్లో కలిశానని ఆయన ఒప్పుకున్నారు, వేధింపు మాత్రం లేదన్నారు. ఒకరితో 2004లో రాజీ కుదిరింది. రెండో ఆమె కేసు కొట్టేస్తే అప్పీలుకు వెళ్లింది, 2007లో అప్పీల్ కోర్టు పూర్తి ధర్మాసనం దీన్ని విచారించాల్సిందే అంది, 2008లో 3,85,000 డాలర్లకు రాజీ. ఆయన క్షమాపణ కూడా చెప్పారు. అంటే పదేళ్లు! పదిహేడేళ్ల పిల్లగా టీమ్‌లోకి వెళ్లిన అమ్మాయి తన ఇరవైలన్నీ కోర్టుల చుట్టూ తిరగడంలోనే గడిపేసింది.

ఇది బోర్డు మీద ర్యాంకుల కంటే పెద్ద విషయం. కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో అమ్మాయిల సాకర్‌కి చాలా ఏళ్లు ఒక్కో టీమ్‌కి 14 స్కాలర్‌షిప్పులే, వాటిని ముక్కలు చేసి పాతిక ముప్పై మందికి పంచేవాళ్లు. ఎవరికెంత, ఎవరు ఆడాలి, ఎవరు బెంచీ మీద కూర్చోవాలి, అంతా కోచ్ చేతిలోనే. అంత అధికారమున్న మనిషి అడక్కూడనిది అడిగితే ఏ పిల్ల అయినా మొహం మీద వద్దని చెప్పగలదా?

లెఫ్ట్‌బ్యాక్_రాజు:
రాయకపోవడం నా తప్పే, ఒప్పుకుంటున్నా. తీర్పు రాలేదు, రాజీ అయింది, కాబట్టి అంతకు మించి నేను ఒకవైపు తీర్పు చెప్పలేను. కానీ ఆ కేసు తర్వాత కూడా యూనివర్సిటీ ఆయన్ని ఉంచింది, చాలామంది పాత ఆటగాళ్లు ఆయన వైపే నిలబడ్డారు, అది కూడా నిజమే.

సుధ_రాలీ:
బాగా ఆడినవాళ్లు నిలబడతారు. వెళ్లిపోయినవాళ్ల మాట ఎవరికి వినబడుతుంది?

విజయ్_గెయిన్స్‌విల్:
నాది వేరే పాయింట్. పద్ధతి సంగతి అలా ఉంచండి, ఒకే కుర్చీలో నలభై ఐదేళ్లు ఉండటమే సరికాదని నా అభిప్రాయం. ఆయన చివరి కప్పు 2012. 2022 ఫైనల్ కూడా కేరీలోనే, 2-0 ముందున్నారు, ఆఖరి క్షణాల్లో స్కోరు సమమై ఎక్స్‌ట్రా టైమ్‌లో యూసీఎల్‌ఏ (లాస్ ఏంజెలెస్‌లోని యూనివర్సిటీ) 3-2తో గెలిచింది. వాళ్లని గెలిపించిన ఆమె, మార్గరీట్ అవోజాసా, హెడ్ కోచ్‌గా ఉన్నది అదే మొదటి ఏడాది. మా ఫ్లోరిడా యూనివర్సిటీలో బెకీ బర్లీ అనే ఆవిడ 1995లో టీమ్ మొదలుపెట్టి 1998కల్లా ఇదే డోరన్స్ టీమ్‌ని ఫైనల్లో 1-0తో ఓడించారు. అమ్మాయిలకు ఒక ఆడమనిషి కోచ్‌గా ఎలా ఉంటుందో చూసే అవకాశం యూఎన్‌సీ పిల్లలకు ఎన్ని తరాలు దక్కలేదో ఆలోచించండి. ఆయన దగ్గర ఆడినవాళ్లలో కోచ్‌లైనవాళ్లు చాలామందే ఉన్నారు, అందులో ఒకరికి ఇరవై ఏళ్ల కిందటే అప్పగించి ఉంటే ఎంత బాగుండేది! చివరికి 2024లో సీజన్ మొదలయ్యే కొద్ది రోజుల ముందు దిగిపోయారు, ఏళ్ల తరబడి అసిస్టెంట్‌గా ఉన్న డేమన్ నహాస్ తాత్కాలిక కోచ్‌గా అదే ఏడాది కప్పు కొట్టారు.

లెఫ్ట్‌బ్యాక్_రాజు:
ఆ కప్పులో డోరన్స్ వాటా లేదంటే ఒప్పుకోను బ్రదర్. ఎక్కువమంది ఆయన పిలిస్తే వచ్చిన పిల్లలే, అలవాట్లూ ఆయనవే.

కేరీ_నాన్న:
అందరికీ థాంక్స్. ఇవన్నీ మా అమ్మాయికి చదివి వినిపించాను, తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. సుధ గారి దగ్గరికి వచ్చేసరికి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, ఆ అమ్మాయిలు ఎంతమందితో చెప్పుకున్నారు నాన్నా అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ర్యాంకుల గురించి మాత్రం నేను అనుకోనిది చెప్పింది. మా క్లబ్‌లో బోర్డు ఏమీ లేదు, కోచ్ అందరితో బాగానే మాట్లాడతాడు, కానీ శనివారం టీమ్ చదివితే పదకొండు మందిలో తన పేరుండదు, ఎందుకో చెప్పడు. "నేనెక్కడున్నానో తెలియకపోవడమే టెన్షన్ నాన్నా, తెలిస్తే పని చేసుకుంటా కదా" అంది. ర్యాంకు గోడ మీద లేకపోయినా కోచ్ మనసులో ఉంటుందని దానికి తెలుసు.

శ్రీవల్లి_ఎం:
ఇది నాకు తట్టలేదండి. మా హాస్టల్లో షీటు చూసి నువ్వు ఇక్కడ తప్పు చేస్తున్నావు, రా కూర్చో అని పిలిచినవాళ్లు ఒక్కరూ లేరు, బహుశా నన్ను కుంగదీసింది అదేనేమో. అయినా నా మాట మార్చుకోను. పాపను కోచ్ గదిలోకి ఒంటరిగా పిలిస్తే తలుపు తీసి ఉంటుందా, ఏదైనా జరిగితే కోచ్‌కి సంబంధం లేని ఎవరితో చెప్పుకోవాలి, ఈ రెండూ అడక్కుండా ఎక్కడా సంతకం పెట్టకండి.

కేరీ_నాన్న:
పదో తరగతి అయ్యాక జూన్ 15 నుంచి కాలేజీ కోచ్‌లు పిల్లలతో నేరుగా మాట్లాడొచ్చు, మా అమ్మాయికి అది ఈ ఏడాదే. మీ రెండు ప్రశ్నలూ రాసుకుంది. మూడోది తనే చేర్చింది: గత నాలుగేళ్లలో టీమ్ మధ్యలో వదిలేసిన ఇద్దరి ఫోన్ నంబర్లు ఇస్తారా అని.

సుధ_రాలీ:
ఆ మూడోదే ముందు అడగమనండి.