ఆర్101 కూలిపోవడానికి కారణం మంత్రి తొందరా, ఇంజనీర్ల మొహమాటమా?

గోదారిగట్టు | శనివారం ఉదయం 8:40
మా అబ్బాయి స్కూల్ ప్రాజెక్టు పుణ్యమా అని రాత్రంతా ఎయిర్‌షిప్పుల (తేలికైన గ్యాస్ సంచులతో గాల్లో తేలుతూ ఇంజన్లతో నడిచే పెద్ద ఓడల) మీద చదివాను. సంగతి తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. 1924లో బ్రిటన్ లేబర్ ప్రభుత్వం ఇండియా, కెనడాలాంటి దూరదేశాలకు ఎయిర్‌షిప్పులు నడపాలనుకుంది. పోటీ పెట్టి రెండు కట్టించింది. ఆర్100ని వికర్స్ అనే ప్రైవేటు సంస్థ వాళ్ల అనుబంధ కంపెనీ యార్క్‌షైర్‌లోని హౌడెన్‌లో కట్టింది. ఆర్101ని ప్రభుత్వమే బెడ్‌ఫర్డ్ దగ్గర కార్డింగ్‌టన్‌లో కట్టుకుంది. 1930 జులై ఆఖర్లో ఆర్100 కెనడా వెళ్లి, ఆగస్టులో క్షేమంగా తిరిగొచ్చింది. ఆర్101 అక్టోబరు 4 సాయంత్రం కరాచీకని బయల్దేరింది. తెల్లవారకముందే ఫ్రాన్స్‌లో బోవే అనే ఊరి దగ్గర నేలను తాకి కాలిపోయింది. 54 మందిలో 48 మంది పోయారు. విమానయాన మంత్రి లార్డ్ థామ్సన్ కూడా అందులోనే పోయాడు.

తప్పెవరిది? మావాడు సోమవారం క్లాసులో చెప్పాలి. కాస్త సాయం చేయండి.

గాలిబుడగ | 8:52
అంటుకునే హైడ్రోజన్ బదులు అంటుకోని హీలియం నింపి ఉంటే అందరూ బతికేవారు. చర్చ అయిపోయింది, పిల్లాణ్ణి ఆడుకోనివ్వండి.

నట్టుబోల్టు | 9:30
ఇందులో చర్చించడానికి ఏముందండీ? ప్రైవేటువాడు కట్టింది అట్లాంటిక్ దాటి తిరిగొచ్చింది. ప్రభుత్వం కట్టింది ఇంగ్లిష్ చానల్ దాటి ఏడిసింది.

అంకెలు చూడండి. ఆర్101 సొంత బరువు పోను 60 టన్నులు మోయాలని లెక్క వేసుకున్నారు. 1929లో కట్టి తూచి చూస్తే 35 టన్నుల చిల్లర తేలింది. సగం కన్నా కాస్త ఎక్కువ, అంతే! దాంతో గ్యాస్ సంచులు ఇంకా ఉబ్బడానికి వీలుగా వాటిని పట్టి ఉంచే తీగల్ని వదులు చేశారు. అదీ చాలక ఓడను మధ్యకు కోసి, ఇంకో గ్యాస్ సంచి కోసం కొత్తగా ఒక గది ఇరికించి, 732 అడుగులున్నదాన్ని 777 చేశారు. తీగలు వదులయ్యేసరికి సంచులు ఊగి లోపలి ఇనుప చట్రానికి రాసుకుని చిల్లులు పడ్డాయి. ఇలాంటి పని ప్రైవేటు కంపెనీలో చేస్తే మర్నాడు గేటు బయట ఉంటాం. వికర్స్ వాళ్లకిచ్చింది మూడున్నర లక్షల పౌండ్ల స్థిర కాంట్రాక్టు, అంతకుమించి ఒక్క పౌండు ఖర్చయినా వాళ్ల జేబులోంచే పోవాలి. కార్డింగ్‌టన్‌లో ఆ భయం లేదు.

అన్నిటికన్నా ఘోరం, కట్టింది ఆ శాఖే, ఎగరడానికి పనికొస్తుందని సర్టిఫికెట్ ఇచ్చిందీ ఆ శాఖే. కాంట్రాక్టరూ వాడే, క్వాలిటీ చూసేవాడూ వాడే. మా నాన్న రైస్ మిల్లు బాయిలర్ పర్మిషన్ కోసం 11 నెలలు తిరిగాడు. అదే బాయిలర్ వాళ్లదైతే 11 నిమిషాలు పట్టేది కాదు.

పాతటార్చిలైటు | 10:15
నట్టుబోల్టు తమ్ముడూ, బాయిలర్ సంగతి తర్వాత చూద్దాం. నేను 31 ఏళ్లు ఒక ప్రభుత్వ వర్క్‌షాపులో ఇన్‌స్పెక్షన్‌లో పనిచేసినవాణ్ణి. కాబట్టి ఒళ్లు మండింది, ముందే చెప్తున్నాను.

మీ ఆర్100 కెనడాకే ఎందుకు వెళ్లింది? దాని ఇంజన్లు పెట్రోలువి. వేడి దేశాల మీద హైడ్రోజన్ కింద పెట్రోలు ఆవిర్లు ప్రమాదమని ఇండియా దారికి వద్దన్నారు. ఆ కష్టమైన దారి ఆర్101 నెత్తిన పడింది. అందుకే బియర్డ్‌మోర్ డీజిల్ ఇంజన్లు అయిదు, రైలింజన్ల జాతివి, బరువు చచ్చేంత. ఆ బరువు ఇంజనీర్ల తెలివితక్కువ కాదు, వాళ్లకు అప్పగించిన పని అటువంటిది. పైగా కెనడా దారిలో ఆర్100 తోక రెక్కల మీది గుడ్డ చిరిగి గాల్లోనే కుట్టుకున్నారు. తిరిగొచ్చింది కాబట్టి అది సాహసం. రాకపోతే దాని మీదా ఒక విచారణ సంఘం పడేది.

ఇంకోటి. సంచులు రాసుకుంటున్నాయని కనిపెట్టిందెవరు? మెక్‌వేడ్ అనే ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు. 1930 జులై 3న ఉత్తరం రాశాడు. ఇది సరిచేసేదాకా ఎగిరే పర్మిట్ పొడిగించమని నేను సిఫారసు చేయలేను అన్నాడు. ప్రభుత్వం ప్రభుత్వం అంటున్నారే, కాదన్నవాడూ ప్రభుత్వమేనండీ.

మిరపబజ్జి | 10:21
పాప్‌కార్న్ తెచ్చుకున్నా.

గాలిబుడగ | 10:24
హీలియం గురించి ఎవరూ మాట్లాడరేం? నేలకు తగిలింది మెల్లగానే. చంపింది మంటలు.

గోదారిగట్టు | 10:40
గాలిబుడగ గారూ, మంటల మాట నిజమే. కానీ అప్పట్లో హీలియం ఉన్నది అమెరికాలో. వాళ్లు బయటికి పోనివ్వలేదు. పైగా హీలియం హైడ్రోజన్ కన్నా నూటికి ఏడెనిమిది పాళ్లు తక్కువ మోస్తుంది. అసలే బరువెక్కి ఏడుస్తున్న ఓడ.

గాలిబుడగ | 10:43
బరువు తగ్గించుకోవాల్సింది. హైడ్రోజన్ ఓడలో సిగరెట్ల గది పెట్టారు, 24 మంది కూర్చుని తాగొచ్చు. అది తీసేస్తే చాలు.

నట్టుబోల్టు | 11:20
మాస్టారూ, ఆ ఉత్తరం సంగతి మీరు తెచ్చారు కాబట్టి మిగతా కథ కూడా చెప్పండి. ఉత్తరం అందుకున్న పైఅధికారి ఏం చేశాడు? ఎవరి ఓడ మీద ఫిర్యాదో ఆ కార్డింగ్‌టన్ డైరెక్టరు కోల్‌మోర్‌నే వివరణ అడిగాడు. ఆయన, మెత్తలు కట్టిస్తున్నాం, ఇబ్బందేం లేదు అన్నాడు. ఫైలు మూసేశారు. రాసుకునే చోటల్లా గుడ్డ మెత్తలు చుట్టారు, ఒకటి కాదు రెండు కాదు, వేల చోట్ల. మెక్‌వేడ్ అది కూడా వద్దన్నాడు. మెత్త కింద చట్రం తుప్పు పట్టినా కనపడదన్నాడు. ఎవరు విన్నారు?

పాతటార్చిలైటు | 11:48
వినలేదు. ఎందుకు వినలేదో చెప్తాను. పైన మంత్రి కూర్చున్నాడు. ఆయనగారి బిరుదే బేరన్ థామ్సన్ ఆఫ్ కార్డింగ్‌టన్, ఓడ కట్టే ఊరి పేరే తగిలించుకున్నాడు. ఇండియా వెళ్లి, అక్టోబరు 20కల్లా లండన్‌లో సామ్రాజ్య సమావేశానికి తిరిగి రావాలి. ఇండియా ప్రయాణం అనుకున్న ప్రకారం జరిగి తీరాలని, నా ఏర్పాట్లు నేను చేసుకున్నానని జులైలోనే ఫైలు మీద రాశాడు. ఆ మాట చదివాక కింద ఎవరికి నోరు లేస్తుంది?

పెద్ద మార్పులన్నీ అయ్యాక చేసిన ట్రయల్ ఒక్కటి. అక్టోబరు 1న, సుమారు 17 గంటలు. అందులోనూ ఒక ఇంజన్ ఆయిల్ కూలర్ పాడైందని పూర్తి వేగం పరీక్ష మానేశారు. మూడు రోజులకు ఇండియా ప్రయాణం! వానలో, ఎదురుగాలిలో. లేవడానికి 4 టన్నుల నీళ్లు పారబోశారు. మంత్రిగారి తివాచీ మాత్రం లోపలే ఉంది.

చలిదేశం చిన్నోడు | మధ్యాహ్నం 1:05
నేను బెడ్‌ఫర్డ్‌లో ఉంటానండీ. కార్డింగ్‌టన్‌లో ఆ ఓడల షెడ్లు రెండూ ఇంకా ఉన్నాయి. కారులో వెళ్తుంటే చాలా దూరం నుంచే కనపడతాయి. దగ్గరికి వెళ్తే మెడ వెనక్కి పడుతుంది. ఊళ్లో చర్చి దగ్గర 48 మందికీ కలిపి ఒకటే సమాధి. లోపల గోడకి ఆ ఓడ జెండా వేలాడదీశారు. అంచులు కాలి నల్లబడ్డాయి, మధ్యలో రంగు మాత్రం ఇంకా అలాగే ఉంది. మా చిన్నది "దీన్ని ఉతకలేదా నాన్నా" అంది. ఎవరిది తప్పో నాకు తెలీదు, చూసింది చెప్పాను.

మిరపబజ్జి | 1:09
పాప్‌కార్న్ పక్కన పెట్టా.

నట్టుబోల్టు | 1:40
మంత్రి మీద మొత్తం నెట్టేయకండి. బయల్దేరడానికి రెండు రోజుల ముందు మీటింగులో, నా తొందర చూసి మీరు నిర్ణయం తీసుకోవద్దు అని ఆయనే అన్నాడు. అప్పుడు కోల్‌మోర్, శాఖ అధికారులు ఉన్నారు. ఒక్కడు లేచి "ఇంకో పూర్తి ట్రయల్ కావాలి సార్" అంటే సరిపోయేది. అనలేదు. మంత్రి చేసింది రాజకీయం, ఇంజనీర్లు చేసింది మొహమాటం.

పాతటార్చిలైటు | 1:58
పెద్దాయన "మీ ఇష్టం, నా కోసం చూడొద్దు" అన్నాడంటే దానర్థం ఏమిటో తెలియనివాడు సర్వీసులో ఒక్క ఏడాది ఉండలేడు. జులైలో "జరిగి తీరాలి" అన్న నోరే అక్టోబరులో "మీ ఇష్టం" అంది. మొదటి మాట కాగితం మీదుంది తమ్ముడూ, రెండోది మీటింగులో పోయింది. జాన్ సైమన్ విచారణ సంఘం 1931 రిపోర్టులో కూడా, ప్రభుత్వ అవసరాలనేవి లేకపోతే ఆ సాయంత్రం ఆ ఓడ కదిలేదే కాదని తేల్చింది.

గోదారిగట్టు | 2:10
ఒక చిన్న సందేహం. 1929 మార్చి నుంచే ఇంపీరియల్ ఎయిర్‌వేస్ లండన్ నుంచి కరాచీకి టపా నడుపుతోందిగా? వారం పట్టేది. మరి ఈ ఏనుగును ఎందుకు మేపినట్టు?

నట్టుబోల్టు | 2:31
మంచి ప్రశ్న, అది వేరే చర్చ. మాస్టారూ, మీరు మెక్‌వేడ్‌ను నెత్తిన పెట్టుకుంటున్నారు. ఆయన చేసిందేంటి? ఒక ఉత్తరం రాసి ఊరుకున్నాడు. జులై నుంచి అక్టోబరు దాకా మూడు నెలలు. పత్రికలకు చెప్పొచ్చు. రాజీనామా చేయొచ్చు. ఓడ ఎక్కేవాళ్లకు చెవిలో వేయొచ్చు. రేపు ఏమైనా జరిగితే నా మీదికి రాకుండా ఫైల్లో ఒక కాగితం ఉంచుకున్నాడు. ప్రభుత్వోద్యోగి బుద్ధి.

పాతటార్చిలైటు | 2:34
నోరు అదుపులో పెట్టుకోండి.

అడ్మిన్ | 2:36
ఇద్దరూ కాస్త నెమ్మది. ఇది పిల్లాడి ప్రాజెక్టు.

పాతటార్చిలైటు | సాయంత్రం 5:20
మధ్యాహ్నం అలా రాసినందుకు క్షమించమని అడగను. కానీ ఎందుకు రాశానో చెప్తాను.

మా వర్క్‌షాపులో కొత్త క్రేన్ పెట్టారు. ప్రారంభానికి ఒక పెద్దమనిషి వస్తున్నాడు, తేదీ ఖరారు. లోడ్ టెస్టులో దూలం వంగి, బరువు దించాక పూర్తిగా వెనక్కి రాలేదు. స్కేలు పెట్టి చూశాను, మూడు మిల్లీమీటర్లు. నేను సంతకం పెట్టనన్నాను. మూడు పేజీలు రాశాను. పది రోజుల్లో నన్ను స్టోర్స్‌కి మార్చారు. నా సీట్లోకి వచ్చినవాడు సంతకం పెట్టాడు. రిబ్బన్ కట్ చేశారు, స్వీట్లు పంచారు. స్టోర్స్‌కి కూడా ఒక పొట్లం పంపారు.

ఆ క్రేన్‌కి ఏమైందో తెలుసా? ఏమీ కాలేదు. నేను రిటైరయ్యేదాకా నడిచింది. ఇప్పటికీ నడుస్తోందట. పదహారేళ్లు క్యాంటీన్‌లో నన్ను "మూడు మిల్లీమీటర్లు" అని పిలిచారు. మెక్‌వేడ్ మాట నిజమని తేలడానికి 48 మంది చావాల్సి వచ్చింది. నా మాట నిజమని తేలకూడదనే కోరుకున్నాను. కోరుకుంటూనే ప్రతిరోజూ ఆ షాపు వైపు చెవి పెట్టి కూర్చునేవాణ్ణి. రాజీనామా చేయొచ్చుగా అంటారు. ఇద్దరు ఆడపిల్లలు, క్వార్టర్స్‌లో కాపురం. ఇప్పుడు చెప్పండి బుద్ధి గురించి.

చలిదేశం చిన్నోడు | 5:32
మాస్టారూ, నమస్కారం.

నట్టుబోల్టు | 6:45
మాస్టారూ, బుద్ధి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మిగతాది తీసుకోను.

మీరు రాసిన మూడు పేజీలు నాకు కొత్త కాదు. మా ప్లాంటులో నావి నాలుగున్నాయి. బ్రేకు పార్టుల మీద రెండు, పెయింట్ బూత్ వెంటిలేషన్ మీద రెండు. రాసిన రోజు రాత్రి హాయిగా నిద్ర పడుతుంది. నా పని నేను చేశాను అనిపిస్తుంది. పొద్దున వెళ్తే లైను ఎప్పట్లాగే నడుస్తుంటుంది, నేనూ వెళ్లి నా కుర్చీలో కూర్చుంటాను. ఆ హాయి మీదే నాకు కోపం. మెక్‌వేడ్ కూడా అలాగే నిద్రపోయాడేమోనని. ఉత్తరంతో బాధ్యత తీరిపోతుందని మీరంటారు. అక్కడే మొదలవుతుందని నేనంటాను. మొదలుపెట్టే ధైర్యం నాకూ లేదు, అది వేరే సంగతి.

మిరపబజ్జి | 6:49
మీది ప్రైవేటు కంపెనీ కదా అన్నా? పొద్దున గేటు బయట ఉంటాం అన్నారు?

నట్టుబోల్టు | 6:55
అవును. పొద్దున అన్నది తప్పే. లోపలే ఉన్నాను.

పాతటార్చిలైటు | 7:30
బాధ్యత తీరిపోతుందని నేను ఎక్కడా అనలేదు. తీరితే చెవి పెట్టి ఎందుకు కూర్చుంటాను? కానీ ఒకటి ఒప్పుకోను. కాదన్నవాణ్ణి "ఇంకా గట్టిగా ఎందుకు అనలేదు" అని నిలదీస్తున్నారు. అవునన్నవాళ్లను అడిగినవాడు లేడు. ఆ నాలుగు కాగితాల మీద అవతలి సంతకం ఎవరిదో ముందు అది చెప్పండి.

నట్టుబోల్టు | 7:41
ఇక్కడ చెప్పలేను మాస్టారూ. ఉద్యోగం.

పాతటార్చిలైటు | 7:43
ఊఁ.

గోదారిగట్టు | రాత్రి 9:15
అందరికీ ధన్యవాదాలు. మావాడు చార్టు పూర్తి చేశాడు. ఓడను నిలువునా కోసినట్టు బొమ్మ గీసి, సంచులు చట్రానికి రాసుకునే చోటల్లా ఎర్ర చుక్కలు పెట్టాడు. చుక్కలు పెడుతూ పెడుతూ నిద్రపోయాడు. "కారణం" అని హెడ్డింగ్ వేసి కింద ఖాళీ వదిలాడు. పొద్దున లేచాక రాస్తాడట.

గాలిబుడగ | 9:18
హీలియం అని రాయమనండి.