సమస్య: "మీట నొక్కకుండ మీట పలికె"

రావులపాలెం (నిర్వాహకులు): ఈ వారం పాదం ఇదీ. గేములాడే కీబోర్డు మీదే పూరించాలి. వీణలూ హార్మోనియాలూ తెచ్చారంటే పద్యం తీసేస్తాను. ఎంత తియ్యగా ఉన్నా సాంకేతికంగా అబద్ధమైతే చెల్లదు. గెలిచినవారికి ఆత్రేయపురం పూతరేకులు, బెల్లంవే.

పాలకొల్లు పంతులు:

మూడు మీట లొక్క మూలగా నదిమిన
దొడ్డి దారి బట్టి దూకె సంజ్ఞ
నడుమ డయొడు లేమి నాల్గవ మూలలో
మీట నొక్కకుండ మీట పలికె

మీటల కింద తీగలు అడ్డంగా, నిలువుగా గళ్లు గళ్లుగా ఉంటాయి. ఒక గడికి మూడు మూలలు ఒకేసారి నొక్కితే కరెంటు ఆ మూడింటి గుండా వెనక్కి తిరిగి నాలుగో మూల కూడా నొక్కినట్టే చూపిస్తుంది. ఘోస్టింగ్ అంటే అదే. ప్రతి మీటకీ ఒక డయోడు, కరెంటుని ఒక్క వైపే పోనిచ్చేది, పెడితే పోతుంది.

ముక్తేశ్వరం పంటు: ఆయ్, బావుందండీ పంతులుగారూ. ఇంతకీ డయోడులో "యో" దీర్ఘం ఏ రేవులో దిగిపోయిందండీ? పోయిన నెల నా "కీబోరు"ని పట్టుకుని మూడు రోజులు ఆడించారు కదా.

పాలకొల్లు పంతులు: అన్యదేశ్యాల్లో హ్రస్వం చెల్లుతుంది.

ముక్తేశ్వరం పంటు: నాకు చెల్లలేదే! "నడుమ తలుపు లేక" అనండి, గణం చెడదు, అర్థం నిలబడుతుంది. సముద్రం పోటు నీళ్లు వెనక్కి ఎక్కకుండా మురుగుకాలవ మొగలో తూముకి తలుపుంటుంది చూశారా, డయోడు చేసేది ఆ పనే.

రావులపాలెం (నిర్వాహకులు): తలుపుకే నా ఓటు.

కోరంగి మడ: ఛందస్సు సంగతి సరే, విషయం పాతబడింది. ఇప్పుడొచ్చే చవక మెంబ్రేన్ (మీటల కింద పల్చటి ప్లాస్టిక్ పొరలుండే) కీబోర్డులు నాలుగో అక్షరం పలకనివ్వవు. అనుమానం రాగానే లోపలి చిప్ మూడో మీటనే మింగేస్తుంది. అంటే మీట నొక్కినా పలకదు, పంతులుగారు పూరించినదానికి సరిగ్గా తలకిందులు. పరుగెడుతూ పక్కకి గెంతాలని షిఫ్ట్, డబ్ల్యూ, ఏ, స్పేస్ కలిపి నొక్కితే గెంతు రాకపోవడం దీనివల్లే. కొట్లో కొనేముందు నోట్‌ప్యాడ్ తెరిచి రెండు షిఫ్టులూ పట్టుకుని అక్షరాలన్నీ వరసగా కొట్టి చూడండి. కొన్ని రాకపోతే పెట్టె మీద "యాంటీ ఘోస్టింగ్" అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా, అది నడక మీటలైన డబ్ల్యూ, ఏ, ఎస్, డీ చుట్టుపక్కల నాలుగు మీటలకే అని అర్థం. ఆరు మీటలూ, వాటితోపాటు షిఫ్ట్, కంట్రోల్ లాంటివీ ఏ కలయికలోనైనా పలికితే ఆటలకి చాలు. ఎన్ని మీటలు కలిపి నొక్కినా అన్నీ పలికే ఎన్-కీ రోలోవర్ ఉంటే ఇంకేం, కానీ దానికోసమే అదనంగా డబ్బు పొయ్యక్కర్లేదు.

నరసాపురం లేసు:

ఉప్పు గాలి సోకి యొడలెల్ల చిలుమెక్కి
రేకు రేకు నడుమ రెప్పలాడె
ఒకటి కొట్టినంత నొకటితో నాగక
మీట నొక్కకుండ మీట పలికె

పాలకొల్లు పంతులు: "రేకు రేకు నడుమ రెప్పలాడె" వాహ్! కానీ లేసుగారూ, మూడో పాదంలో మీరే కొట్టారు కదా. కొట్టాక "నొక్కకుండ" ఎలా అవుతుంది? సమస్య తీరలేదు, పక్కకి జరిగింది.

నరసాపురం లేసు: మొదటి అక్షరం నొక్కితే వచ్చింది. రెండోది నొక్కకుండానే వచ్చింది. సమస్య రెండోదానిది. మీ దెయ్యానికి మూడు మీటలు నొక్కాల్సొచ్చింది, నాకు ఒక్కటే!

కోరంగి మడ: ఈ వాదనలో లేసుగారిదే పైచెయ్యి. స్విచ్చులో రెండు రేకులు తాకగానే కాసేపు ఎగిరెగిరి తాకుతాయి. ఆ కాసేపూ లెక్కచేయకుండా ఆగడమే డిబౌన్స్, బోర్డు లోపలి చిప్‌లో నడిచే క్యూఎంకే అనే ఫర్మ్‌వేర్‌లో మామూలుగా 5 మిల్లీసెకన్లు. సముద్రం పక్క ఊళ్లలో తేమ, ఉప్పు చేరి రేకులు పాడైతే ఆ 5 చాలదు, అక్షరం రెండు పడుతుంది. 10కి పెంచితే తాత్కాలికంగా ఆగుతుంది. కానీ మామూలు పద్ధతిలో ప్రతి నొక్కూ అంత ఆలస్యంగా వెళ్తుంది, ఆటలో అది నష్టమే. మొదటి తాకుడు వెంటనే పంపేసి తర్వాతి గెంతుల్ని వదిలేసే "ఈగర్" పద్ధతి ఉంటే అది పెట్టుకోండి. అసలు మందు స్విచ్చు మార్చడం. అందుకే ఈ ప్రాంతంలో కొనేవాళ్లు హాట్‌స్వాప్ సాకెట్లున్న, అంటే టంకం విప్పకుండా స్విచ్చు మార్చుకోగల బోర్డే తీసుకోవాలి. పుల్లర్‌తో పాతది పీకి, కొత్తదాని కాళ్లు వంగకుండా నిలువుగా దించాలి. వంకరగా తోస్తే రాగి కాలు మడత పడి, మీట అసలే పలకదు. అయిదు కాళ్ల స్విచ్చు మూడు కన్నాల బోర్డుకి దిగకపోతే పక్కనున్న రెండు ప్లాస్టిక్ కాళ్లు కత్తిరించేయొచ్చు, లోహపువి ముట్టకండి.

ముక్తేశ్వరం పంటు:

ఎన్ని రంగు లైట్లు వెలిగినన్ ఫలమేమి
కమ్మి వదులు స్పేసు కటకటమనె
గ్రీజు చుక్క లేక గిలకలాడెడి వేళ
మీట నొక్కకుండ మీట పలికె

పాలకొల్లు పంతులు: ఎదురుచూస్తున్నాను. "ఎ"కి "వె" యతి ఏ లాక్షణికుడు ఇచ్చాడండీ? "వింత రంగు లైట్లు" అంటే సరిపోయేది. పంటు ఒడ్డు చేరకుండానే దిగిపోయారు.

ముక్తేశ్వరం పంటు: "వింత" తీసుకుంటాను, మీ "తలుపు"కి చెల్లు. పక్క మీట కొడితే స్పేస్‌బార్ దానంతటదే గలగలమనడం నిజమేనా కాదా, అది చెప్పండి.

కోరంగి మడ: నిజమే. పొడుగు మీటల కింద ఉండే కమ్మి, స్టెబిలైజర్, వదులైతే బల్ల కదిలినా మోగుతుంది. కమ్మి రెండు చివర్లా చిక్కటి గ్రీజు, ప్లాస్టిక్ రాసుకునేచోట పల్చటి పూత. స్విచ్చులో మాత్రం రేకుల మీద గ్రీజు పడకూడదు. కొబ్బరినూనె అసలే వద్దు, దుమ్ము పట్టి ముద్దవుతుంది. రంగుల లైట్ల మీద పంటుగారి కోపం న్యాయమే. ఆ డబ్బు పీబీటీ ప్లాస్టిక్ కీక్యాప్‌లకి పెట్టండి. ఏబీఎస్‌వి చెమట చేతులకి తొందరగా నున్నబడి మెరుస్తాయి.

పాలకొల్లు పంతులు: లైట్ల మీద కోపమున్న ఈయనే సంక్రాంతి సమస్యకి "ఎరుపు స్విచ్చు కొంటె యెదురులేదు" అన్నారు. చెర్రీ కంపెనీ ఎరుపు స్విచ్చు పలికేది 2 మిల్లీమీటర్ల లోతున, వాళ్లదే స్పీడ్ సిల్వర్ 1.2కే పలుకుతుంది. రెంటికీ నొక్కే బలం ఒకటే, 45 సెంటీన్యూటన్లు. ఎదురు లేకపోవడమేమిటి?

ముక్తేశ్వరం పంటు: ఆ సిల్వర్‌తో పరీక్ష ఫీజు దరఖాస్తు నింపి చూడండి పంతులుగారూ, వేలు ఆనితే అక్షరం. ఆటా, టైపింగూ రెండూ ఒకే బోర్డు మీద చేసేవాడికి ఎరుపే. నీలం స్విచ్చు 2.2 దగ్గర టిక్కుమంటుంది, రాత్రి పక్కింటివాళ్లూ లేస్తారు. ఆ పద్యం మీద నిలబడతాను.

కోరంగి మడ: సరే, నాది:

చోద్యమేమి? లోన సూదంటు రాయిరా
తాకు డేమి లేదు తరుగు లేదు
పదవ వంతు మిల్లి పాదమ్ము దిగినంత
మీట నొక్కకుండ మీట పలికె

నరసాపురం లేసు: హాల్ ఎఫెక్ట్! మీట ఎంత దిగిందో అయస్కాంతంతో కొలిచే స్విచ్చు. రేకులే లేవు కాబట్టి నా చిలుము గొడవ లేదు. బానే తప్పించుకున్నారు. మిల్లీ హ్రస్వమైంది, పంతులుగారి సంప్రదాయమే అనుకుంటాను. పైగా మిల్లి అంటే మీటరా, లీటరా?

ముక్తేశ్వరం పంటు: పద్యానికి పదో వంతు బావుంది గానీ ఆటకి కాదండీ. 0.1 మిల్లీమీటరుకే పలికేలా పెట్టినవాడి బొమ్మ చెయ్యి ఆనించినా నడిచేస్తుంది. నడక మీటలకి 1 నుంచి 1.5 దాకా ఉంచి, ర్యాపిడ్ ట్రిగ్గర్ 0.2 దగ్గర పెట్టాలి. దాంతో వేలు కొంచెం లేపగానే బొమ్మ ఆగడం అసలు లాభం, లోతు కాదు. ఇంకోటి, అయస్కాంతం స్విచ్చులన్నీ అన్ని బోర్డులకీ పనికిరావు, ధ్రువం తిరగబడితే రీడింగే తప్పు. స్విచ్చు మార్చిన ప్రతిసారీ క్యాలిబ్రేషన్, అంటే కొలత సరిచూసుకోవడం, చెయ్యాలి.

పాలకొల్లు పంతులు: పంటుగారు గద్యంలో ఎప్పుడూ తప్పు చెయ్యరు. రెండో పూరణ ఇస్తున్నాను:

ఎడమ వేలు దించి యెత్తక కుడి నొక్కి
కుడిని వదలినంత గుట్టుగాను
పాత దారి మరల బతికె నప్పుడె చూడ
మీట నొక్కకుండ మీట పలికె

కోరంగి మడ: స్నాప్ ట్యాప్! ఎడమకి నడిపే 'ఏ' మీట పట్టుకునే కుడికి నడిపే 'డీ' నొక్కితే 'డీ' పలుకుతుంది, 'డీ' వదలగానే మళ్లీ నొక్కకుండానే 'ఏ'. సమస్య ఇక్కడే పూర్తిగా తీరింది.

ముక్తేశ్వరం పంటు: తీరింది, ఒప్పుకుంటున్నాను. కానీ కౌంటర్ స్ట్రైక్ 2 ఆటలో, దాన్ని తయారుచేసిన వాల్వ్ కంపెనీ దీన్ని 2024 ఆగస్టులోనే ఆపేసింది, తన సర్వర్లలో వాడితే బయటికి పంపేస్తుంది. పంతులుగారి పద్యానికి ప్రవేశం ఉంది, ఆటగాడికి లేదు.

రావులపాలెం (నిర్వాహకులు): పూతరేకులు పంతులుగారికి. "రెప్పలాడె"కి లేసుగారికి అందులో సగం. వైర్‌లెస్ వాళ్లు అలిగారు కాబట్టి వచ్చే వారం పాదం: "తీగ లేని దాని తీగ తెగెను".

ముక్తేశ్వరం పంటు: ఛార్జింగ్ కేబుల్ అని పంతులుగారు ఇప్పటికే రాసేసి ఉంటారు. అది కాకుండా ఇంకేదైనా చెప్పమనండి.