గొంతు మారుతున్న పిల్లవాణ్ణి బృందగానంలో పాడవద్దనవచ్చా?

పాలకొల్లు నాన్న:
మా వాడు తొమ్మిదో తరగతి. ఆరో తరగతి నుంచీ బడి బృందగానంలో ముందు వరుసలో పాడేవాడు. ఈ ఏడు గొంతు బొంగురుపోయింది. పోటీ దగ్గర పడగానే, పెదవులు కదిపితే చాలు, గొంతు విప్పవద్దన్నారట మాస్టారు. ఇప్పుడు ఇంట్లో కూడా పాడటం మానేశాడు. ఇదేం పద్ధతి?

నరసాపురం క్వైర్ లీడర్:
సరైన పద్ధతే. ఒక్క అపస్వరం పడితే మిగతా పిల్లల సాధన ఏమైపోవాలి?

భీమవరం శ్రోత:
అంతటి గాయకుడు బాలమురళీకృష్ణ గారికే పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు నేర్పవలసి వచ్చింది. నేర్పకుండానే తప్పిస్తే ఎలా?

నరసాపురం క్వైర్ లీడర్:
అది ఒంటరి గాత్రం. మనం మాట్లాడేది బృందగానం గురించి.

అమలాపురం సంగీతం టీచర్:
ఏ శ్రుతిలో పాడిస్తున్నారు?

పాలకొల్లు నాన్న:
అయిదు.

అమలాపురం సంగీతం టీచర్:
అది ఎత్తు శ్రుతి. చిక్కు అక్కడే ఉంది. ఈ వయసులో స్వరపేటిక పెరిగి మగపిల్లల గొంతు దాదాపు ఒక స్థాయి, అంటే స నుంచి పై స వరకు ఉన్నంత మేర, కిందికి దిగుతుంది. అయిదు శ్రుతిలో పై షడ్జం (పై స) అందుకోమంటే గొంతు చీలుతుంది. అలాంటి పిల్లలకు నేను మంద్రంలో, అంటే కింది స్థాయిలో, మూడు నాలుగు స్వరాలతో వేరే వరస కడతాను. గొంతు దిగిన కొద్దీ ఆ వరసనూ మారుస్తాను.

నరసాపురం క్వైర్ లీడర్:
చర్చిలో నాకు సోప్రానో, ఆల్టో, టెనార్, బేస్ అని పై గొంతు నుంచి కింది గొంతు దాకా నాలుగు వరసలు ఉన్నాయి. బడిలో అందరిదీ ఒకే వరస. రెండో వరస ఎప్పుడు నేర్పాలి?

పాలకొల్లు నాన్న:
భాగహారం రాని పిల్లవాణ్ణి లెక్కల మాస్టారు తరగతి బయట నిలబెడితే ఊరుకుంటామా? మీకు కప్పు కావాలి, పిల్లలు అక్కర్లేదు!

నరసాపురం క్వైర్ లీడర్:
మాట జాగ్రత్త. నేనూ ఒక బడిలో నేర్పాను. వారానికి ఒక్క పీరియడ్, పరీక్షలు రాగానే అదీ లెక్కలకు పోయింది. బేస్ పాడగల పదో తరగతి పిల్లలను ట్యూషన్ పేరుతో తల్లిదండ్రులే మాన్పించారు. కప్పు రాలేదని మరుసటి ఏడు నన్ను పిలవలేదు. మీ మాస్టారి ఉద్యోగం కూడా ఆ కప్పు మీదే ఉందేమో అడిగారా?

పాలకొల్లు నాన్న:
మీకు జరిగింది అన్యాయమే. దానికి మా వాడు నోరు మూసుకోవాలా?

అమలాపురం సంగీతం టీచర్:
పాఠ్యాంశాలు, సహపాఠ్యాంశాలు అని గట్టి గీత గీయవద్దని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. మా బడి టైంటేబుల్లో ఆ గీత అలాగే ఉంది. తల్లిదండ్రుల సమావేశంలో అందరూ మార్కులే అడుగుతారు. పాట పీరియడ్ ఏమైందని నన్ను ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

పాలకొల్లు నాన్న:
వచ్చే సమావేశంలో నేను అడుగుతాను. కానీ పోటీ అంతకుముందే ఉంది. ఉత్త పెదవులు కదపడానికి వాణ్ణి వేదిక ఎక్కించను.

అమలాపురం సంగీతం టీచర్:
ఎక్కించండి. రెండు స్వరాలే అందితే ఆ రెండే పాడనివ్వమని మాస్టారితో మాట్లాడండి.

నరసాపురం క్వైర్ లీడర్:
వెనుక వరుసలో అయితే నాకు అభ్యంతరం లేదు. ముందు వరుస మాత్రం ఒప్పుకోను.