కర్నూలులో పాత ఇల్లు: కొనేముందు ఎవరితో చూపించాలి?
అందరికీ నమస్కారం. కర్నూలులో హంద్రీ నదికి దగ్గర్లో ఇరవై ఏళ్ల ఇల్లు బేరంలో ఉంది. మేముండేది దుబాయ్‌లో. ఈసీ (ఆస్తిపై జరిగిన లావాదేవీల ధ్రువపత్రం), 22ఏ జాబితా (రిజిస్ట్రేషన్ నిషేధించిన ఆస్తుల జాబితా) ఆన్‌లైన్‌లో చూశాం, లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) వకీలు చూస్తున్నారు.

దిగులంతా కట్టడం గురించే. ఫొటోల్లో కిటికీ మూలల నుంచి ఏటవాలు పగుళ్లు కనిపిస్తున్నాయి. పూత పగులైతే వెంట్రుకంత సన్నగా ఉంటుంది. ఇవి మాత్రం గోడకు లోపలా, బయటా ఒకేచోట ఉన్నాయి. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయి పునాదిని కదిపితే ఇలాగే వస్తాయి. గోడ పక్కన గుంత తవ్వి, పునాది ఎంత లోతుందో, కింద ఏ మట్టి ఉందో చూడాలి. 2009 అక్టోబరు వరద ఎంత ఎత్తుకు వచ్చిందో అమ్మేవారిని కాదు, ఇరుగుపొరుగును అడగాలి. బోరు గంటసేపు ఆపకుండా నడిపి చూడాలి.

ఇవన్నీ చేసి రిపోర్టు రాసిచ్చే, బ్రోకరుతో సంబంధంలేని సివిల్ ఇంజనీరు అక్కడ దొరుకుతారా? ఫీజు ఎంత ఉంటుంది?