1991 నాటి డార్క్ సన్ లోకాన్ని 2024 నియమాలతో ఆడించడం ఎలా?

ప్రశ్న (హనుమకొండ నుంచి)

మిత్రులకు నమస్కారం. హనుమకొండలో ఇంజినీరింగ్ చదువుతున్న కొందరు విద్యార్థులతో నేను డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆట నడిపిస్తున్నాను (బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక పాత్రగా, పాచికలతో కథ నడిపే ఆట ఇది). అడవులు, కోటలు, గుహల్లో నిధులు ఉండే లోకాలు వాళ్లకు బాగా అలవాటైపోయాయి. అందుకే ఈసారి 1991లో వెలువడిన డార్క్ సన్ సెట్టింగును, అంటే కథ జరిగే కల్పిత లోకాన్ని, మళ్లీ బల్ల మీదకు తేవాలనుకుంటున్నాను.

తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. అథాస్ అనే ఆ లోకంలో మంత్రవిద్యను విచ్చలవిడిగా వాడినందువల్ల నేల ఎడారిగా మారింది. ఇనుము అరుదు కాబట్టి ఎముకతో, రాతితో ఆయుధాలు చేసుకుంటారు. చేతులు మారే నాణేలు కూడా కాల్చిన మట్టివే. మిగిలిన కొన్ని నగరాలను మాంత్రిక రాజులు బానిసల శ్రమ మీద ఏలుతుంటారు.

నా సందేహాలు రెండు. ఇప్పటి, అంటే 2024లో సవరించిన నియమాల్లో పాత్రలు మొదటి నుంచే బలంగా ఉంటాయి, ఒక రాత్రి నిద్రతో గాయాలన్నీ మానిపోతాయి. అలాంటప్పుడు ఆ లోకపు కాఠిన్యం ఎలా నిలుస్తుంది? రెండవది, పాత పుస్తకాల్లో బానిసత్వం అడుగడుగునా కనిపిస్తుంది. దాన్ని తీసివేయాలా, ఉంచాలా, ఉంచితే ఎలా ఉంచాలి?

సమాధానం (కాజీపేట నుంచి, చాలాకాలంగా డీఎం, అంటే ఆట నడిపించే డంజియన్ మాస్టర్)

పాత సెట్టింగును తిరిగి తెచ్చేటప్పుడు పటాన్నీ రాజుల పేర్లనూ కాపాడటం తేలిక. కాపాడవలసింది మాత్రం ఆ లోకం ఆటగాడి ముందు పెట్టే ప్రశ్నను. డార్క్ సన్ విషయంలో ఆ ప్రశ్న ఒక్కటే: నువ్వు బతకడానికి చుట్టూ ఉన్నదాన్ని ఎంతవరకు చంపుతావు?

1991 నియమాల్లో ఈ ప్రశ్న పాత్రను తయారుచేసుకునే రోజే తేలిపోయేది. మాంత్రికుడు నేలను కాపాడేవాడో, మంత్రాల కోసం నేలలోని జీవాన్ని పీల్చేవాడో ముందే నిర్ణయించుకోవాలి. పీల్చేవాడికి తక్కువ అనుభవ పాయింట్లతోనే పై స్థాయిలు దక్కేవి, అదే వాడికి ఎర. 2010లో ఆట నియమాల నాలుగో ఎడిషన్ కోసం తిరిగి రాసినవారు దీన్ని చాలా తెలివిగా మార్చారు. అందులో మంత్రం తెలిసిన ఎవరైనా తమ అతి శక్తిమంతమైన మంత్రం గురి తప్పిన క్షణంలోనే నేలను పీల్చి పాచికను మళ్లీ వేయవచ్చు, కానీ దాని దెబ్బ చుట్టుపక్కల ఉన్న సొంత మిత్రులకు తగులుతుంది. ఒకప్పుడు కాగితం మీద ఒక్కసారి జరిగిన ఎంపిక ఇప్పుడు ప్రతి యుద్ధంలోనూ, స్నేహితుల కళ్లెదుట జరుగుతుంది. నియమం పూర్తిగా మారినా ప్రశ్న మరింత పదునెక్కింది. పునరుద్ధరణ అంటే నా దృష్టిలో ఇదే. ఆయుధాలు విరగడాన్ని కూడా అదే పద్ధతిలో మలిచారు: పాచిక మీద 1 పడితే, అంటే దెబ్బ తప్పితే, దాన్ని అలాగే ఒప్పుకోవచ్చు, లేదా మళ్లీ వేయవచ్చు, మళ్లీ వేస్తే ఎముక ఆయుధం మాత్రం విరిగిపోతుంది. ఈ రెండింటినీ మీరు 2024 నియమాల్లోకి పెద్దగా మార్చకుండానే తెచ్చుకోవచ్చు.

ఇక తీసివేయవలసినవి. గుడ్‌బెర్రీ మంత్రం ఒక్కసారి వేస్తే పది పండ్లు వస్తాయి, ఒక్కో పండు ఒకరికి రోజంతటి ఆహారం. నీటిని సృష్టించే మంత్రం పది గ్యాలన్లు ఇస్తుంది. నియమాల ప్రకారం మనిషికి రోజుకు కావలసింది ఒక గ్యాలన్. రెండూ మొదటి స్థాయి మంత్రాలే. ఇవి ఉన్నంతకాలం మీ ఎడారి వట్టి నేపథ్య చిత్రంగానే మిగులుతుంది. పూర్తిగా నిషేధించడం ఇష్టం లేకపోతే, వాటిని వేసిన ప్రతిసారీ చుట్టుపక్కల పచ్చదనం ఎండిపోతుందని పెట్టండి. విశ్రాంతి సంగతికి 2014 డంజియన్ మాస్టర్ గైడ్‌లోని కఠిన పద్ధతి సరిపోతుంది: చిన్న విశ్రాంతికి ఎనిమిది గంటలు, పెద్ద విశ్రాంతికి ఏడు రోజులు.

కాలం విషయంలో ఒక హెచ్చరిక. 1995లో వచ్చిన సవరించిన పెట్టె (పుస్తకాలు, పటాలు కలిపి పెట్టెలో అమ్మిన సంచిక) కథను చాలా ముందుకు జరిపింది. పెద్ద సంఘటనలన్నీ ఆ లోకం మీద వచ్చిన నవలల్లోని వీరులే ముగించేశారు. 2010 ప్రచురణ వెనక్కి వచ్చి, టైర్ నగరపు రాజు కాలక్ చనిపోయిన వెంటనే ఆగింది. మీరూ అక్కడే మొదలుపెట్టండి. తర్వాత ఏం జరగాలో మీ విద్యార్థులే తేల్చాలి.

సమాధానం (పరకాల నుంచి)

పై సమాధానంతో ఏకీభవిస్తూ నీటి గురించి ఒక మాట. నీరు లేకపోవడం ఒక్కటే చూపిస్తే ఆటగాళ్లు సీసాలు లెక్కపెట్టి విసిగిపోతారు. నీరు ఎవరి చేతిలో ఉందో చూపించండి. మన ప్రాంతంలో కాకతీయుల కాలపు పాఖాల, రామప్ప, లక్నవరం చెరువులున్నాయి. తూము ఎప్పుడు తెరవాలి, ఎవరి మడికి ముందు పారాలి, మత్తడి పోస్తే ఆ నీళ్లు ఎవరివి అన్న తగవులు, పంపకం చూసే నీరటికాడి మాటకున్న బరువు మన ఊళ్ల పిల్లలకు పుస్తకం చదవకుండానే తెలుసు. అథాస్‌లో ఒక ఒయాసిస్సు ఊరిని ఇలాగే కట్టండి: ఒక బావి, దాని కాపలాదారు, రోజూ వాటా అడిగే వ్యాపారి గుంపు, చీకటి పడ్డాక వచ్చే, పారిపోయిన బానిసల దళం. వీరిలో ఎవరికి నీళ్లు దక్కాలన్నదే మొదటి సాహసం. రాక్షసి అవసరం కూడా ఉండదు.

సమాధానం (జనగామ నుంచి)

రెండో సందేహానికి నా అభిప్రాయం చెబుతాను. బానిసత్వాన్ని తీసివేయకండి, కానీ దాన్ని అలంకారంగా వాడకండి. ఇది మనకు ఎక్కడో దూరపు కల్పన కాదు. వెట్టిచాకిరీ చేసిన తాతల జ్ఞాపకాలు ఈ ప్రాంతపు ఇళ్లలో ఇంకా ఉన్నాయి. 1946 జులై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి మా జనగామ పక్కనే ఉంది. మీ బల్ల దగ్గర కూర్చునే విద్యార్థుల్లో అలాంటి కుటుంబాల నుంచి వచ్చినవారు ఉండవచ్చు. అందుకే ఆట మొదలుపెట్టే ముందు ఒక రోజు అందరూ కూర్చుని ఏ సన్నివేశాలు వద్దో స్పష్టంగా మాట్లాడుకోవాలి. ఆటగాళ్ల పాత్రలు మనుషులను కొనడం, అమ్మడం నా బల్ల దగ్గర ఎప్పటికీ ఉండదు. వారు తిరగబడినవారి పక్షాన మొదలవుతారు. కాలక్ చనిపోయాక టైర్‌లో బానిసలకు విముక్తి ప్రకటించారు కదా. ఆ మరునాడు గనుల్లో పనిచేసేదెవరు, కూలి ఇచ్చేదెవరు, పాత అధికారులను ఏం చేయాలి అన్న చిక్కులే ఒక ఏడాది ఆటకు సరిపోతాయి. అణచివేతను కళ్లకు కట్టినట్టు చూపించడం కన్నా విముక్తిని నిలబెట్టుకోవడం ఎంత కష్టమో చూపించడం మంచి కథ అవుతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. టైర్‌లో విముక్తి ప్రకటించిన మర్నాటి నుంచే మొదలుపెడతాను. ఒక చిన్న అనుమానం మిగిలింది: పాత్రలను ఏ స్థాయి నుంచి మొదలుపెట్టాలి?

సమాధానం (కాజీపేట నుంచి)

1991 పెట్టెలో మూడో స్థాయి నుంచే మొదలయ్యేవారు, మీరూ అలాగే చేయండి. అప్పట్లో ఒక్కొక్క ఆటగాడు ఒకేసారి నాలుగు పాత్రలను తయారుచేసి పెట్టుకునేవాడు, ఎందుకంటే ఆ లోకంలో చావు తరచుగా ఎదురయ్యేది. ఇప్పటి విద్యార్థులకు నాలుగు ఎక్కువ, రెండు చాలు. ఆ రెండో పాత్ర టైర్ గనుల్లో పనిచేసే మనిషి అయితే, మొదటి పాత్ర చనిపోయినా కథ నగరాన్ని విడిచిపోదు.