చెక్క విల్లు, కార్బన్ బాణాలు: అన్నీ ఎడమకే పోతున్నయ్

అల్వాల్_విల్లు:
అన్నలూ, ఒక సలహా కావాలి. చెక్క లాంగ్‌బో కొన్నా. దాని మీద 28 అంగుళాలకు 40 పౌండ్లు (నారిని అంత దూరం లాగితే పడే బలం) అని రాసుంది. కుడి చేత్తో లాగుతా, బాణం షెల్ఫ్ (హ్యాండిల్ పైన ఉండే చిన్న గట్టు) మీదే పెడతా, వేరే రెస్ట్ లేదు. బాణాలు 500 స్పైన్ (ఎంత వంగుతుందో చెప్పే నంబర్) కార్బన్, పొడవు 29 అంగుళాలు, 100 గ్రెయిన్ల (చిన్న బరువు కొలత) స్క్రూ పాయింట్లు, అంటే మర తిప్పి మార్చే మొనలు, వెనక ప్లాస్టిక్ వేన్లు (తోక రెక్కలు). పది మీటర్లకే జానెడు ఎడమకు పడుతున్నయ్. తోక ఊపుకుంటూ పోతయి, వదిలినప్పుడు విల్లుకు టక్‌మని తగిలిన చప్పుడు కూడా వస్తోంది. గ్రౌండ్‌లో ఒకాయన 400 స్పైన్ కొనుక్కో అన్నడు, ఇంకొకాయన ఉన్నవాటినే రెండంగుళాలు కోయించు అన్నడు. ఎవరి మాట వినాలె?

కూకట్‌పల్లి_గురి:
ముందు రిలీజ్ (నారి వదిలే తీరు) వీడియో పెట్టండి బ్రదర్. వేళ్లు నారిని పక్కకు లాగి వదిలినా ఎడమకే పోతుంది. అది తేలకుండా బాణాల మీద డబ్బు పెట్టొద్దు.

నాగోల్_వడ్ల:
రిలీజ్ సంగతి నిజమే. కానీ టక్‌మని చప్పుడైతుంది అన్నడు సూడు, నాకు ఆడనే అనుమానం.

తమ్మీ, 400 మాట మర్చిపో. నంబర్ తగ్గితే బాణం ఇంకా గట్టిది. షాఫ్ట్‌ను (బాణం కడ్డీని) 28 అంగుళాల ఎడంతో రెండు ఆనికల మీద పెట్టి, నడుమ 880 గ్రాముల బరువు వేలాడదీస్తే ఎంత వంగుతదో అదే స్పైన్. 500 అంటే అర అంగుళం, 400 అంటే అంతకన్న తక్కువ. కోసినా గట్టిపడుడే. పైగా కోసిన ముక్క మళ్ల అతకది.

ఒలింపిక్ రికర్వ్‌కు (పోటీల్ల వాడే విల్లుకు) హ్యాండిల్ నడుమ గీత దాటి లోపలికి కోసి ఉంటది, బాణం సీదా నారి ముందటనే కూసుంటది. మన చెక్క విల్లుకు ఆ కోత ఉండదు. లాగి పట్టినప్పుడు మొన కొంచెం ఎడమకే సూస్తది. నారి వదలంగనే బాణం చేపలెక్క ఒళ్లు వంచుకుంట హ్యాండిల్‌ను తప్పించుకొని పోవాలె. గట్టి బాణం వంగది, చెక్కకు గుద్దుకొని ఎడమకు కొట్టుకుంట పోతది. అందుకే రికర్వ్ వాళ్ల లెక్క మనకు పనికిరాదు, వాళ్ల కన్న మెత్త బాణం కావాలె.

ఇంకోటి, 40 అని రాసింది 28 అంగుళాలకు. నువ్వు అంత లాగుతున్నవా? నువ్వు లాగి పట్టినప్పుడు పక్కనున్నోన్ని షాఫ్ట్ మీద పెన్నుతోని గీత గియ్యమను. 26 కే ఆగుతున్నవ్ అనుకో, అంగుళానికి రెండు రెండున్నర పౌండ్లు పోతయి, చేతికి 35, 36 కన్న ఎక్కువ రాదు. దానికి 500 బాణం ఇనుప కడ్డీయే.

ఉన్న బాణాలనే మెత్తగ చెయ్యొచ్చు, మొనకు బరువు పెంచు. స్క్రూ పాయింట్లేనాయె, ఒక మూడు బాణాలకు 125, 145, 175 తెచ్చి మార్చి సూడు. డబ్బా మీద రాసింది నమ్మకు, బేగంబజార్‌ల బంగారం తూచే జేబు తరాజు దొరుకుతది, దాంట్ల గ్రెయిన్లు కూడా సూపిస్తది. రెండు బాణాలకు వేన్లు పీకెయ్. ఐదారు గజాల నుంచి మొదలువెట్టి పదికి పో. వేన్లు ఉన్న బాణాల గుంపుకు ఉత్త షాఫ్ట్ ఎడమకు పడితే ఇంకా గట్టిగ ఉన్నట్టు, కుడికి పడితే మరీ మెత్తబడ్డట్టు. ఒక్క బాణం సూసి తీర్పు చెప్పకు, గుంపుగ సూడు. కొట్టే ముందు ప్రతిసారి షాఫ్ట్‌ను వంచి చిటపట వినొస్తుందా సూసుకో. పగిలిన కార్బన్ చెయ్యిలకు దిగుతది.

ప్లాస్టిక్ వేన్లు మాత్రం ఎట్లయినా తీసేయాలె. షెల్ఫ్ మీద నుంచి కొట్టేటోనికి ఈకలే, తగిలితే అణిగిపోతయి. ఒక బాణానికి మూడూ ఒకే వైపు రెక్క ఈకలు ఉండాలె, ఎడమ రెక్కవి కుడివి కలపొద్దు. ఎక్కడ తాకుతుందో తెలవాలంటే షెల్ఫ్ పక్కన టాల్కమ్ పౌడర్ అద్ది కొట్టు. కుంకుమ మాత్రం వద్దు, చెక్కలకు దిగి మళ్ల పోదు.

కూకట్‌పల్లి_గురి:
షెల్ఫ్ పక్కన అంటించిన తోలు కూడా చూడండి. మందంగా ఉంటే బాణాన్ని ఇంకా బయటకు నెడుతుంది. పలచటిది వేస్తే కొంత తేడా వస్తుంది, అది ఉచితం కూడా.

అల్వాల్_విల్లు:
అన్నా, గీత గీయించినం, 26 ముప్పావు లాగుతున్న. 175 పెట్టిన, ఈకలు వేసిన, ఎడమకు పోవుడు బాగా తగ్గింది, చప్పుడు లేదు. కానీ ఉత్త షాఫ్ట్ తోక పైకి లేపి గుచ్చుకుంటుంది. నాక్ పాయింట్ (నారి మీద బాణం తగిలించే చోటు) ఎక్కువ ఎత్తుల ఉందనుకొని దించిన. ఇంకా ఎక్కువైంది!

నాగోల్_వడ్ల:
తోక పైకంటే నాక్ దించాలె, లెక్క అదే. కానీ మరీ కిందికి దిగితే బాణం వెనక భాగం షెల్ఫ్‌కు కొట్టుకొని పైకి ఎగురుతది, సూపుకు నాక్ ఎత్తుల ఉన్నట్టే కనిపిస్తది. దించితే ఎక్కువైంది అన్నవ్ కదా, నీది ఇదే. షెల్ఫ్ నుంచి నారికి లంబంగ మట్టం పెట్టు, దాని మీద అర అంగుళం పైకి కట్టి అక్కడి నుంచి కొంచెం కొంచెం దించుకుంట రా. ఇత్తడి రింగు నొక్కకు, డెంటల్ ఫ్లాస్ చుట్టు. తిప్పితే జరుగుతది.

గీ పని మొదలుపెట్టే ముందు బ్రేస్ హైట్ (నారికి, హ్యాండిల్‌కు నడుమ దూరం) కొలిచి రాసిపెట్టుకో. డాక్రాన్ (పాలిస్టర్ దారం) నారి కొత్తల సాగుతది, సాగితే బ్రేస్ హైట్ పడిపోతది, నువ్వేమో బాణాన్ని తిడుతుంటవ్. రెండు మెలికలు తిప్పితే మళ్ల లేస్తది. విల్లు అచ్చం చెక్కతోనిదే అయితే వానకాలం తేమకు కొంచెం మెత్తబడ్తది, మేల సరిపోయిన బాణం ఆగస్టుల గట్టిగ అనిపిస్తది. అప్పటికి 200 పాయింట్ ఒకటి జేబుల ఉంచుకో. ఎండల నిలబెట్టిన కారుల మాత్రం విల్లు వదిలి పోకు.

అల్వాల్_విల్లు:
ఫ్లాస్ ఇంట్లనే ఉంది. ఆదివారం మళ్ల కొట్టి ఫొటో పెడతా అన్నా.