'నాయనా' అన్నది ఎవరు?

కన్నతండ్రి కాకపోయినా బిడ్డ జోలికి వచ్చినవాణ్ని బతకనివ్వని మగవాళ్లు కామిక్ పుస్తకాల నిండా ఉన్నారనీ, వాళ్లను ఇంగ్లీషులో ఫాదర్ ఫిగర్ అంటారనీ, దానికి తెలుగులో ఒక్క మాట కావాలనీ నిన్న ఇక్కడ ఒక ప్రశ్న వచ్చింది. 'పితృసమానుడు', 'తండ్రిలాంటివాడు', 'పెంపుడు తండ్రి' అని మిత్రులు మూడు మాటలు సూచించారు. మూడింటిలోనూ తప్పు లేదు గానీ, బొమ్మ పక్కన మాటలు రాసే బుడగలో పెట్టి చూస్తే ఒక్కటీ నిలవదు. మొదటిది సన్మానపత్రంలో చదివినట్టు ఉంటుంది, రెండోది పోలిక చెప్పి ఊరుకుంటుంది. మూడోది వినగానే దత్తత కాగితం గుర్తుకొస్తుంది, పైగా 'పెంపుడు' అన్న విశేషణం పెంచినవాడికీ పెరిగినవాడికీ ఒకటే.

ఈ చిక్కు నాకు కొత్త కాదు. కొన్నేళ్ల కిందట ఆబిడ్స్‌లో ఆదివారం నాడు పేవ్‌మెంటు మీద పరిచే పాత పుస్తకాల్లో దొరికిన బ్యాట్‌మన్ సంచికలను మా అపార్ట్‌మెంట్ పిల్లలకు తెలుగులో చదివి వినిపించేవాణ్ని. రాబిన్ అనే కుర్రవాడు 1940లో ఆ కథల్లోకి వచ్చాడు. సర్కస్‌లో తల్లిదండ్రులను పోగొట్టుకున్న ఆ పిల్లవాణ్ని బ్రూస్ వేన్, అంటే ముసుగు తీసిన బ్యాట్‌మన్, చేరదీస్తాడు, ఇంగ్లీషులో అతణ్ని బ్రూస్‌కు 'వార్డు' అంటారు, అంటే అతని సంరక్షణలో ఉన్న పిల్లవాడని. నేను తొందరలో ఆ మాటను అలాగే చదివేశాను. 'అంకుల్, ఏ వార్డు? మన కార్పొరేటర్ వార్డేనా?' అని ఒక పిల్ల అడిగింది. హైదరాబాదులో పెరిగే పిల్లకు వార్డంటే చెత్త బండి రాకపోతే ఫిర్యాదు చేసే చోటే కదా. నేను మాట కోసం తడుముకుంటూ ఉంటే, కరీంనగర్ వైపు నుంచి వచ్చి మా పక్క ఇంట్లో ఉంటున్న పెద్దావిడ, 'సాదుకున్నడు అని చెప్పరాదు?' అన్నారు. పిల్లలు తలలూపారు, కథ ముందుకు నడిచింది.

ఆ ఒక్క క్రియలో నాలుగు పనులున్నాయి: అన్నం పెట్టడం, ఒళ్లు కడగడం, జ్వరం వస్తే మేలుకొని కూర్చోవడం, ఎవరైనా చెయ్యి ఎత్తితే అడ్డం పోవడం. కోస్తాలో 'సాకడం' అన్నా ఇంచుమించు ఇదే అర్థం, కాకపోతే నగరంలో 'సాకు' అనగానే చెవికి ముందు తట్టేది వంక. అందుకే నామవాచకం కావలసిన చోట నా ఓటు 'సాదిన తండ్రి'కి. సంస్కృతమే కావాలనేవారికి చాణక్యనీతి పేరుతో ప్రచారంలో ఉన్న 'జనితా చోపనేతా చ యస్తు విద్యాం ప్రయచ్ఛతి, అన్నదాతా భయత్రాతా పంచైతే పితరః స్మృతాః' అనే శ్లోకం ఉంది. కన్నవాడు, ఉపనయనం చేసినవాడు, చదువు చెప్పినవాడు, అన్నం పెట్టినవాడు, భయం నుంచి కాపాడినవాడు, అయిదుగురూ తండ్రులేనట. రఘువంశం మొదటి సర్గలో కాళిదాసు ఇంకా తెగించి, రక్షించి పోషించిన దిలీపుడే ప్రజలకు తండ్రి అనీ, వాళ్ల తండ్రులు 'కేవలం జన్మహేతవః' అనీ అన్నాడు. 'భయత్రాత' అర్థానికి సరిగ్గా సరిపోతుంది గానీ, ఆ మాటను బుడగలో పెడితే పిల్లవాడు కిరీటం పెట్టుకొని మాట్లాడినట్టుంటుంది.

అసలు చిక్కు నామవాచకంలో లేదు, పిలుపులో ఉందని నా అనుమానం. స్పైడర్‌మన్‌ను, అంటే పీటర్ అనే కుర్రవాణ్ని, పెంచిన బెన్‌ను మనవాళ్లు 'అంకుల్ బెన్' అని వదిలేస్తారు. ఆయన పీటర్ తండ్రికి అన్న, అంటే మనకు పెదనాన్న, తెలంగాణలో పెద్దబాపు. తండ్రి అన్న మాట ఆ వరుసలోనే ఉండగా దాన్ని తీసి పారేసి అంకుల్ అనడం చేతిలో ఉన్న అన్నం ముద్దను కింద పడేసుకోవడమే.

బ్యాట్‌మన్ ఇంట్లో వంటా వార్పూ చూసే ఆల్‌ఫ్రెడ్ సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. 1943లో ఆ పాత్ర నవ్వించడానికి వచ్చింది, బ్రూస్‌ను చిన్ననాటి నుంచి పెంచినవాడన్న కథ తరువాత కలిపారు. ఆయన యజమానిని 'మాస్టర్ బ్రూస్' అంటాడు. దీన్ని 'బ్రూస్ బాబు' అన్నామంటే అదనంగా ఒక్క అక్షరం రాయకుండానే సంబంధమంతా వచ్చేస్తుంది, ఎందుకంటే 'బాబు' అనేది పనివాడు చిన్న యజమానిని పిలిచే పిలుపు, పెద్దవాడు పసివాణ్ని పిలిచే పిలుపు, కొన్ని చోట్ల కొడుకు తండ్రిని పిలిచే పిలుపు కూడా.

తండ్రి మాటను బిడ్డకు ఇచ్చేయడం తెలుగులో విడ్డూరమేమీ కాదు. ఏడుస్తున్న పిల్లవాణ్ని ఎత్తుకొని 'నా తండ్రే', 'ఊరుకో నాయనా', 'రా అయ్యా' అంటాము. ఫలితంగా ఒకే బొమ్మలో ముసలాయన 'నాయనా' అంటే, పిల్లవాడూ 'నాయనా' అంటాడు. ఎవరు అన్నారో తెలియాలంటే బుడగకున్న తోక ఎటు తిరిగిందో చూడాలి. దీన్ని అనువాదకుడికి తలనొప్పి అనేవారున్నారు, నాకు మాత్రం అది అదృష్టంగానే కనిపిస్తుంది.

ఇక ఉగ్రత. మనకు కాపాడడం గురించిన పదునైన పోలికలన్నీ తల్లుల నుంచి వచ్చినవే: పిల్లలకోడి, ఈనిన పులి, కడుపులో పెట్టుకొని చూసుకోవడం. తండ్రికి మిగిలినవి అండ, నీడ, చాటు. అవన్నీ కదలకుండా నిలబడే వస్తువులు. 'కంటికి రెప్ప' ఇద్దరికీ చెల్లుతుంది గానీ, రెప్ప మూసుకోవడమే తప్ప ఎదురు తిరగదు. 1970లో మొదలై 28 సంపుటాలు నడిచిన జపాన్ కామిక్ 'లోన్ వుల్ఫ్ అండ్ కబ్'లో ఒగామి ఇట్టో అనే కత్తివీరుడు కొడుకు దైగోరోను దాచడు, ఆయుధాలు దాచిన చెక్క బండిలో కూర్చోబెట్టి శత్రువుల మధ్యలోకే తోసుకుపోతాడు. బయలుదేరే ముందు పసివాడి ముందర ఒక బంతీ, ఒక కత్తీ పెట్టి, వాడు దేని వైపు పాకితే దాన్నిబట్టి చావో బతుకో తేల్చుకుంటాడు. ఇతనికి 'కంటికి రెప్పలా' అని రాస్తే నవ్వొస్తుంది. 'వాడి మీద ఈగ వాలనీయడు' అన్నది కాస్త నయం, అందులో ఈగను తోలే చెయ్యి కనబడుతుంది.

ఇతను కన్నతండ్రే కదా, చర్చలోకి ఎందుకు తెచ్చారని ఎవరైనా అడగవచ్చు. రెండు కారణాలున్నాయి. దైగోరో తండ్రిని పిలిచే 'చాన్' పాతకాలపు సామాన్యుల ఇళ్లలోని పిలుపు, కాబట్టి దానికి 'డాడీ' గానీ 'పితా' గానీ కుదరవు, నేనైతే 'అయ్యా' అనే రాస్తాను. రెండోది కథ ముగింపు, చదవనివారు ఇక్కడ ఆగవచ్చు. చివరి ఘట్టంలో, తన తండ్రి వంశాన్ని నాశనం చేసిన రెత్సుదో అనే ముసలి శత్రువు మీదికి ఆ పిల్లవాడు బల్లెం పట్టుకొని పరుగెడతాడు. రెత్సుదో తప్పించుకోడు. బల్లెం దిగబడుతుండగానే పిల్లవాణ్ని రెండు చేతులతో పొదువుకొని 'మనవడా' అంటాడు. మూలంలో ఉన్నది మనవడే కనుక అలాగే ఉంచాలని పద్ధతి చెబుతుంది. నా నోటికి మాత్రం అక్కడ 'నా తండ్రే' అనే వస్తోంది. ఏది ఉంచాలో మీరే చెప్పండి.